ఇంజన్ ఆయిల్ సీళ్లు: పాత కార్లలో అరుగుదల, ఇంటి దగ్గర మార్పిడి

తిరిగే షాఫ్టు ఇంజన్ గోడను దాటి బయటికి వచ్చే చోట, లోపలి ఆయిలు బయటికి కారకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా ఆపే వలయాన్ని ఆయిల్ సీలు అంటారు. కదలని రెండు భాగాల మధ్య ఇదే పని చేసేది గ్యాస్కెట్; మెకానిక్కులు దీన్ని ప్యాకింగ్ అంటారు. సన్నని గుండ్రటి రబ్బరు వలయం ఓ-రింగ్. కారు పాతబడేకొద్దీ ఈ మూడూ గట్టిపడి, అరిగి, ఆయిలును ఆపలేకపోతాయి. సీలు ఖరీదు చాలా కార్లకు పదులో వందలో రూపాయలు ఉంటుంది. దాన్ని చేరుకోవడానికి విప్పవలసిన భాగాల కూలీ మాత్రం వేలకు చేరవచ్చు. పనిలో కొంత ఇంటి దగ్గరే చేసుకోవాలని చాలామంది ఆలోచించేది అందుకే.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో 30వ నంబరు జాతీయ రహదారి మీద, విజయవాడకు వాయవ్యంగా ఉంది. ఇక్కడా, చుట్టుపక్కల పల్లెల్లోనూ మారుతి 800లు, ఓమ్నీలు, ఇండికాలు, అక్కడక్కడా అంబాసిడర్లు ఇంకా తిరుగుతున్నాయి. విడిభాగాలకు పేరుపడ్డ విజయవాడ జవహర్ ఆటోనగర్ గంటో, గంటన్నరో ప్రయాణం దూరంలో ఉండటం ఈ ప్రాంతపు కారు యజమానులకు పెద్ద సౌకర్యం.

నిర్మాణం, పనితీరు

ఆయిల్ సీలులో మూడు ముఖ్య భాగాలుంటాయి. బయట ఉక్కు రేకు చట్రం ఉంటుంది. ఇది ఇంజన్ గూటిలో బిగువుగా కూర్చుంటుంది. లోపల షాఫ్టును తాకే పలుచని రబ్బరు పెదవి ఉంటుంది. ఆ పెదవి వెనక చిన్న స్ప్రింగు చుట్టి ఉంటుంది. రబ్బరు అరిగేకొద్దీ పెదవిని షాఫ్టుకు అదిమి ఉంచడం స్ప్రింగు పని. చాలా సీళ్లకు బయటివైపు రెండో పెదవి కూడా ఉంటుంది. అది దుమ్మును ఆపుతుంది.

పెదవి షాఫ్టును పూర్తిగా పొడిగా తాకదు. రెండింటి మధ్య మైక్రాన్ల మందంలో ఆయిలు పొర నిలుస్తుంది. పెదవి కోణాలు ఆయిలు వైపు నిటారుగా, గాలి వైపు వాలుగా ఉండటం వల్ల షాఫ్టు తిరుగుతున్నప్పుడు బయటికి రాబోయే ఆయిలు తిరిగి లోపలికే నెట్టబడుతుంది. ఆ పొర లేకపోతే రబ్బరు నిమిషాల్లో కాలిపోతుంది. మందం పెరిగితే ఆయిలు కారుతుంది. కొత్త సీలును పొడిగా బిగించకూడదనే నియమానికి ఆధారం ఇదే.

రబ్బరు రకాన్ని బట్టి వేడిని తట్టుకునే శక్తి మారుతుంది. నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల సెల్సియస్ దాకా నిలకడగా పనిచేస్తుంది. యాక్రిలిక్ రబ్బరు సుమారు 150 డిగ్రీలు, వైటాన్ పేరుతో తెలిసిన ఫ్లోరోరబ్బరు సుమారు 200 డిగ్రీలు తట్టుకుంటాయి. ఒకే కొలతలో రెండు రకాలు దొరికితే క్రాంక్ షాఫ్టుకు వేడిని ఎక్కువగా తట్టుకునేదాన్ని ఎంచుకోవడం మంచిది.

చరిత్ర

తొలి మోటారు వాహనాల్లో తాడు, ఫెల్ట్, తోలు ముక్కలే సీళ్లు. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్లు శుద్ధి చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1929లో తోలు సీళ్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు రూపొందించిన షాఫ్టు సీలు ఆయన పేరుతోనే సిమ్మరింగ్‌గా ప్రసిద్ధి చెందింది. 1930లలో తోలు స్థానంలోకి కృత్రిమ రబ్బరు వచ్చింది. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్‌కు 1939లో ఓ-రింగు మీద అమెరికా పేటెంటు లభించింది. 1957లో డూపాంట్ సంస్థ వైటాన్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

మన రోడ్ల మీద ఈ మార్పంతా రెండు కార్లలో కనబడుతుంది. 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌లో చాలా కాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ బీఎంసీ బి-సిరీస్‌కు చెందినది. ఆ తరం ఇంజన్లలో క్రాంక్ వెనక కొనకు రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద చెక్కిన మరలాంటి గాడి, తిరుగుతున్నప్పుడు ఆయిలును లోపలికి నెట్టేది. ఇంజను ఆగితే ఆ గాడికి పనిలేదు. అందుకే వాలులో నిలిపిన అంబాసిడర్ కింద రెండు చుక్కలు పడటం దాని నిర్మాణంలోనే ఉంది. 1983 డిసెంబరు 14న అమ్మకాలు మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిన మారుతి 800లో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనుంది. దీంట్లో క్రాంక్ రెండు కొనలకూ, క్యామ్‌కూ రబ్బరు పెదవి సీళ్లే. ఈ కారు కింద చుక్క పడితే అది లోపమే, వెతికి సరిచేయాలి.

సీళ్లు ఉండే చోట్లు

పాత పెట్రోలు కారులో ఆయిలు కారే చోట్లు పైనుంచి కిందికి ఈ వరసలో ఉంటాయి. అన్నిటికన్నా పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్. దాని కిందే, వాల్వు కాండాలకు తొడిగిన చిన్న వాల్వ్ సీళ్లు. ఇవి బయటికి కనబడవు. మారుతి 800లో డిస్ట్రిబ్యూటరు క్యామ్ షాఫ్టు వెనక కొనకు బిగించి ఉంటుంది. అక్కడ ఒక ఓ-రింగు. ముందువైపు టైమింగ్ బెల్టు కవరు వెనక పైన క్యామ్ సీలు, కింద ముందు క్రాంక్ సీలు. ఈ క్రాంక్ సీలు ఆయిల్ పంపు మూతలోనే కూర్చుని ఉంటుంది. ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట, ఫ్లైవీలు వెనక, వెనక క్రాంక్ సీలు. అడుగున ఆయిలు తొట్టి (చాంబరు) ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషరు. పక్కన ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్.

పాడయ్యే కారణాలు

మొదటి కారణం వేడి. కృష్ణా తీరంలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ట్రాఫిక్‌లో నిలబడిన కారు బానెట్ కింద వేడి దీనికి తోడవుతుంది. రబ్బరులోని మెత్తదనం ఏళ్లు గడిచేకొద్దీ పోయి, పెదవి వంగడం మానేస్తుంది. రెండోది దుమ్ము. కంకర, గ్రావెల్ లారీలు తిరిగే దారుల్లో సన్నని రేణువులు పెదవి కింద చేరి షాఫ్టును గీస్తాయి. మూడోది, కారును నెలల తరబడి కదపకుండా ఉంచడం. పెదవి కింది ఆయిలు పొర ఆరిపోయి, మొదటి స్టార్టులోనే రబ్బరు చిరుగుతుంది. నాలుగోది సమయానికి ఆయిలు మార్చకపోవడం. నల్లబడి ఆమ్లత్వం పెరిగిన ఆయిలు రబ్బరును తినేస్తుంది.

ఐదో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే వాయువులు ఇంజను అడుగుభాగంలో చేరతాయి. వాటిని బయటికి పంపే బ్రీతర్ పైపు, దాని వాల్వు బురదలాంటి మడ్డితో పూడుకుపోతే లోపల పీడనం పెరిగి, ఆయిలును దొరికిన ప్రతి సందులోంచీ బయటికి తోస్తుంది. అప్పుడు కొత్త సీలు వేసినా నెలలోపే మళ్లీ కారుతుంది. ఒకేసారి మూడు నాలుగు చోట్ల ఆయిలు కనబడితే సీళ్ల కన్నా ముందు బ్రీతర్‌ను అనుమానించాలి. ఇంజను ఆడుతుండగా ఆయిలు మూత తీస్తే పొగ గుప్పుగుప్పున వస్తున్నా, డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేస్తున్నా పీడనం ఎక్కువగా ఉన్నట్టే. బ్రీతర్ శుభ్రం చేశాక కూడా అదే తీరుంటే రింగులు అరిగాయని అర్థం. అప్పుడు సీళ్ల మీద పెట్టే డబ్బు వృథా.

కారే చోటును గుర్తించడం

కారు నడుస్తున్నప్పుడు గాలి ఆయిలును వెనక్కి కొడుతుంది. గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. అందుచేత చుక్క పడిన చోటు, కారిన చోటు ఒకటి కాకపోవచ్చు. ట్యాపెట్ కవరు నుంచి కారిన ఆయిలు ఇంజను వెనక వైపు దిగి గేర్‌బాక్సు అంచున చుక్కగా కనబడి, వెనక క్రాంక్ సీలు పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. ఆ భ్రమలో గేర్‌బాక్సు దింపించుకుని డబ్బు పోగొట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

సరైన పద్ధతి ఇది. చల్లబడిన ఇంజనును డీగ్రీసరుతో కడిగి, బ్రష్షుతో రుద్ది, ఆరనివ్వాలి. అనుమానమున్న చోట్ల టాల్కమ్ పౌడరు చల్లాలి. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చి లైటుతో చూస్తే, తడిసిన పౌడరు గీత పైకొన ఎక్కడుందో అదే కారే చోటు. రాత్రి కారు కింద పాత అట్టపెట్టె పరిస్తే చుక్కల స్థానం, రంగు తెలుస్తాయి. ఇంజన్ ఆయిలు గోధుమ రంగు నుంచి నలుపు వరకు ఉంటుంది. గేరు ఆయిలు చిక్కగా, గంధకం వాసనతో ఉంటుంది. కూలెంటు ఆకుపచ్చగానో ఎర్రగానో ఉండి జిగటగా తగులుతుంది. ఏసీ వేసినప్పుడు కారేది మామూలు నీరే; దానికి కంగారు అక్కర్లేదు.

పొగ కూడా సాక్ష్యమే. ఉదయం మొదటి స్టార్టులో నీలిరంగు పొగ కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండే అవకాశం ఎక్కువ. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ నీలిపొగ పెరిగితే రింగుల వైపు చూడాలి.

ఇంటి దగ్గర చేయదగిన పనులు

సాధారణ పానాలు, టార్క్ రెంచి, మంచి వెలుతురు ఉన్నవారు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, డిస్ట్రిబ్యూటరు ఓ-రింగు, డ్రెయిన్ వాషరు, ప్రెషర్ స్విచ్, బ్రీతర్ శుభ్రత తామే చేసుకోవచ్చు. వీటితోనే చాలా పాత కార్ల కారుడు ఆగిపోతుంది.

ట్యాపెట్ కవరు విప్పేముందు ప్లగ్ వైర్లకు వరస నంబర్లు అంటించుకోవాలి. కవరు తీశాక పాత ప్యాకింగ్ ముక్కల్ని ప్లాస్టిక్ లేదా చెక్క పలకతో గీకాలి. ఇనుప గీకుడు అల్యూమినియం హెడ్డు మీద గాటు పెడుతుంది, ఆ గాటు నుంచే మళ్లీ కారుతుంది. కొత్త రబ్బరు ప్యాకింగును పొడిగానే పెట్టాలి. అర్ధచంద్రాకారపు మూలల్లో మాత్రం సిలికాన్ సీలెంటు పెసరగింజంత చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పిండిన తునకలు తెగి, ఆయిల్ పంపు జల్లెడను పూడ్చి, ఇంజనుకు ఆయిలు అందకుండా చేస్తాయి. బోల్టులను మధ్య నుంచి చివరలకు, అడ్డంగా మార్చి మార్చి బిగించాలి. ఇవి చిన్న బోల్టులు. చాలా ఇంజన్లలో వీటి బిగువు 10 న్యూటన్ మీటర్ల లోపే. బలంగా తిప్పితే ప్యాకింగ్ నలిగి కారుడు పెరుగుతుంది.

డిస్ట్రిబ్యూటరును లాగేముందు దాని ఒంటికీ హెడ్డుకూ కలిపి పెయింటుతో ఒక గీత గీయాలి, రోటరు ఏ దిక్కున ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఆ గీత లేకుండా తిరిగి బిగిస్తే ఇగ్నిషన్ టైమింగ్ తప్పుతుంది.

ముందు క్రాంక్ సీలు మార్చే విధానం

ఇది ఇంటి పనికీ వర్క్‌షాపు పనికీ సరిహద్దు. టైమింగ్ బెల్టు ఒకసారైనా మార్చిన అనుభవం ఉన్నవారే చేయాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, కారును జాకీతో లేపి, ఉక్కు స్టాండ్ల మీద నిలపాలి. మట్టి వాకిట్లో అయితే జాకీ కిందా స్టాండ్ల కిందా మందపాటి చెక్క పలకలు వేయాలి. జాకీ ఒక్కదాని మీద, ఇటుకల మీద, రాళ్ల మీద నిలిపిన కారు కిందికి ఎంత అనుభవమున్నా దూరకూడదు. ప్రాణాలు తీసే పొరపాటు ఇది.

మొదటి సిలిండరులోని పిస్టనును పై చివరకు తెచ్చి, క్రాంక్, క్యామ్ పుల్లీల టైమింగ్ గుర్తులు సరిగా ఎదురెదురుగా ఉన్నాయని చూసి ఫోటో తీసుకోవాలి. బెల్టు వదులు చేసి తీశాక ఇంజనును తిప్పకూడదు. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. పుల్లీ, దాని కీ తీసి, సీలు ఎంత లోతులో ఉందో కొలుచుకోవాలి. సీలును వంపు కొనగల పనిముట్టుతో, షాఫ్టుకు గీత పడకుండా మెల్లగా లాగాలి.

అప్పుడు పని మొత్తంలో ముఖ్యమైన పరీక్ష వస్తుంది. షాఫ్టును గుడ్డతో తుడిచి, పాత పెదవి ఆనిన చోట గోరు కొనను అడ్డంగా నడపాలి. మెరిసే గీత కనబడినా గోరు జారిపోతే ఫరవాలేదు. గోరు తగులుకుంటే షాఫ్టులో గాడి పడింది. ఎంత మంచి సీలు వేసినా అక్కడ ఆయిలు నిలవదు. సీలును గూటిలో ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టి పెదవిని నున్నని చోటికి మార్చవచ్చు, ఆయిలు దారి మూసుకుపోకుండా చూసుకోవాలి. గాడి లోతుగా ఉంటే షాఫ్టు మీద తొడిగే పలుచని స్టీలు స్లీవు వేయించాలి. గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాలని చూస్తే షాఫ్టు సన్నబడి పరిస్థితి విషమిస్తుంది.

కొత్త సీలు పెదవికి ఇంజన్ ఆయిలు రాయాలి. టెఫ్లాన్ పెదవి ఉన్న కొత్త తరం సీళ్లు మాత్రం పొడిగానే వేయాలని తయారీదారులు చెబుతారు. ప్యాకెట్టు మీది సూచన చదవాలి. కీ గాడి అంచు పెదవిని కోయకుండా అక్కడ పలుచని టేపు చుట్టి, సీలు దాటాక తీసేయాలి. సీలు బయటి అంచుకు సరిపడే గొట్టాన్ని ఆనించి, చుట్టూ సమంగా చిన్న దెబ్బలతో దింపాలి. ఒక పక్క దిగి మరో పక్క లేచి ఉంటే ఆపి, తీసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆయిలులో తడిసిన టైమింగ్ బెల్టును తుడిచి వాడకూడదు, దాన్ని మార్చవలసిందే. బెల్టు వేశాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయని చూశాకే స్టార్టు చేయాలి.

వర్క్‌షాపుకు వదలవలసినవి

వెనక క్రాంక్ సీలుకు గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీలు విప్పాలి. బరువైన గేర్‌బాక్సును కింద పడుకుని దింపడం ఒంటి మనిషి పని కాదు. గేర్‌బాక్సు దింపినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, గేర్‌బాక్సు ఇన్‌పుట్ సీలు కూడా చూపించుకుంటే రెండోసారి కూలీ తప్పుతుంది. వాల్వ్ సీళ్లకు హెడ్డు విప్పడమో, సిలిండరులోకి గాలి పట్టి వాల్వు పడిపోకుండా ఆపి స్ప్రింగు తీయడమో చేయాలి. రెండూ అలవాటున్న చేతులకే చెల్లుతాయి.

సీళ్లను ఉబ్బించి కారుడు ఆపుతాయని చెప్పే ద్రవాలు బజారులో ఉన్నాయి. గట్టిపడిన రబ్బరును అవి కొంతకాలం మెత్తబరచగలవు. తెగిన పెదవినీ, గాడి పడిన షాఫ్టునూ బాగుచేయలేవు.

విడిభాగాల కొనుగోలు

1960లలో రూపుదిద్దుకున్న జవహర్ ఆటోనగర్ లారీ బాడీల తయారీకి, ఇంజను పనులకు, విడిభాగాల వ్యాపారానికి ఆసియాలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. తయారీ ఆగిపోయిన కార్ల సీళ్లు కూడా ఇక్కడ కొలతతో దొరుకుతాయి. సీలు మీద సాధారణంగా మూడు అంకెలు అచ్చై ఉంటాయి: షాఫ్టు వ్యాసం, గూటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. 35-50-8 అంటే 35 మి.మీ. షాఫ్టు, 50 మి.మీ. గూడు, 8 మి.మీ. మందం. తిరుగుడు దిక్కును చూపే బాణం ఉంటే అది కూడా కలవాలి. పాత సీలును సంచిలో వేసుకుని వెళ్లి, పక్కన పెట్టి పోల్చి కొనాలి. పెదవి మీద చీలిక, స్ప్రింగు జారడం, ఎండకు పాలిపోయిన రబ్బరు కనబడితే తిప్పి ఇచ్చేయాలి.

వరదనీటిలో మునిగిన కార్లు

2024 సెప్టెంబరు తొలినాళ్లలో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి; వేల ఇళ్లతో పాటు వాహనాలూ మునిగాయి. నిలిచిన ఇంజనులోకి నీరు ఎక్కువగా గాలి దారి, బ్రీతరు, డిప్‌స్టిక్ గొట్టం ద్వారా చేరుతుంది. సీలు దగ్గర ముప్పు ఒండ్రుమట్టి. పెదవి కింద చేరిన మట్టితో ఇంజను తిప్పితే షాఫ్టు గీసుకుపోతుంది. మునిగిన కారును స్టార్టు చేయకూడదు. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలకాఫీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు రెండూ దింపి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో నీరు లేదని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. వీల్ బేరింగు సీళ్లను తప్పకుండా చూడాలి.

వాడేసిన ఆయిలు

సీలు మార్చేటప్పుడు దింపే నల్ల ఆయిలు మారుతి 800 వంటి చిన్న కారులోనే సుమారు 3 లీటర్లుంటుంది. 2016 నాటి కేంద్ర ప్రమాదకర వ్యర్థాల నియమాలు దీన్ని ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తాయి. మైలవరం వాసులకు ఇది మరింత దగ్గరి విషయం. బుడమేరు పుట్టేది మైలవరం కొండల్లోనే. ఆ నీటిలో కొంత మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. మిగిలినది 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సుకు చేరుతుంది. మన పెరటి మురుగులో పోసిన ఆయిలు వానాకాలంలో ఆ దారే పడుతుంది. కలుపు చావాలని గట్టు మీద పోయడం, చెత్తతో కలిపి కాల్చడం కూడా తగవు. పాత ఆయిలును మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, నీళ్లూ పెట్రోలూ కలపకుండా, పునఃశుద్ధికి పంపే వర్క్‌షాపుకు ఇవ్వాలి. వాడేసిన ఆయిలు చర్మానికి హానికరం కనుక గ్లవుజులు వేసుకోవాలి.

మార్పిడి తర్వాత

ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు ఆడనిచ్చి, ఆయిల్ లైటు ఆరిందని, కొత్త సీలు చుట్టూ తడి లేదని చూడాలి. మొదటి వారం రోజూ డిప్‌స్టిక్ చూసి, రాత్రి అట్ట పరవాలి. మార్చిన సీలు కొలత, తేదీ, కిలోమీటర్లు సర్వీసు పుస్తకంలో రాసిపెడితే తర్వాత పనిచేసే మెకానిక్కుకు అది దారి చూపుతుంది. ప్రైవేటు కారు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆయిలు కారని, నీలిపొగ లేని కారుకు అందుకోసం జరిగే తనిఖీలో ఇబ్బంది తక్కువ.

పని నేర్చుకోదలచినవారు ట్యాపెట్ కవర్ ప్యాకింగుతో మొదలుపెట్టాలి. ముందు బ్రీతర్ శుభ్రం చేయండి, తర్వాత కారే చోటు తేల్చుకోండి, ఆ తర్వాతే సీలు కొనండి. గేర్‌బాక్సు దింపవలసిన పని వస్తే మొహమాటపడకుండా నమ్మకమైన మెకానిక్కుకు అప్పగించండి.